గానుగ ఇంజను చక్రం పదిలమేనా?

పోత ఇనుము చెప్పి విరగదు – అతుకు వేసిన ఫ్లైవీలుతో సీజను గడిపేద్దామనుకుంటే ముప్పు

(మా విలేఖరి)

అనకాపల్లి: తెల్లవారకముందే పొలాల మీదుగా ‘డుబ్... డుబ్... డుబ్’ మంటూ ఇంజన్ల చప్పుడు వినిపించే రోజులు వచ్చాయి. చెరకు నరుకుడు మొదలయింది. గానుగ పాకల్లో పొయ్యిలు వెలిగాయి. కరెంటు మోటార్లు వచ్చాక ఆయిలింజన్లు బాగా తగ్గిపోయిన మాట నిజమే. అయినా లైను అందని పొలాల్లోనూ, కరెంటు పోయినప్పుడు నరికిన చెరకు ఎండిపోకుండా ఆదుకోవడానికీ పాత ఇంజన్లను అట్టిపెట్టుకున్న రైతులు ఇంకా ఉన్నారు. ఏడాదిలో తొమ్మిది నెలలు గోనెపట్టా కప్పుకుని మూల కూర్చునే ఆ ఇంజను, ఈ మూడు నెలలూ రాత్రనక పగలనక తిరగాలి.

మునగపాక వైపు ఒక గానుగ పాకకు ఈ విలేఖరి వెళ్ళేసరికి ఇంజను ఆగి ఉంది. తండ్రి హయాంలో కొన్న 6 గుర్రాల ఇంజను అది. బెల్టు వైపు ఫ్లైవీలు దగ్గర రైతు, పాత మేస్త్రి గొంతుకు కూర్చుని ఉన్నారు. చక్రం ఆకుల్లో ఒకదాని మీద పసుపు పచ్చటి గీత కనిపిస్తోంది. ఆరేళ్ళ క్రితం అక్కడ నెర్రె పడితే ఇత్తడితో బ్రేజింగు చేయించారట. ఇప్పుడు మరోచోట, షాఫ్టు దూరే కుండ దగ్గర, కీ గాడి మూల నుంచి వెంట్రుకంత సన్నటి గీత బయలుదేరింది.

“ఆ బ్రేజింగు చేసింది ఆరు సీజన్లు ఆడింది కదా మేస్త్రిగారూ! దీనికి కూడా ఓ అతుకు ఎయ్యించీస్తే ఈ సీజను గట్టెక్కదా?” అన్నది రైతు ప్రశ్న. బయట మూడు బళ్ళ చెరకు దిగి ఉంది. కూలీలు వచ్చి కూర్చున్నారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అనకాపల్లి బెల్లం బజారుకు దిమ్మలు తోలవలసిన ప్రతి రైతూ ఆ స్థితిలో అదే అడుగుతాడు.

మేస్త్రి వెంటనే జవాబివ్వలేదు. “ముందు ఆ చక్రం దింపించండి బాబూ, తరువాత మాటాడుకుందాం” అన్నాడు.

బరువు ఎందుకు?

ఇంత బరువైన చక్రం ఇంజనుకు ఎందుకు? అది ఉంటే పవరు పెరుగుతుందని, పెద్ద చక్రం వేస్తే గానుగ బాగా లాగుతుందని పాకల్లో గట్టి నమ్మకం. అది పొరపాటు. చక్రం తనంతట తాను ఒక్క గుర్రం బలం కూడా పుట్టించదు. ఇంజను ఇచ్చినదాన్ని దాచుకుని, అడిగినప్పుడు తిరిగి ఇస్తుంది, అంతే.

మన పాకల్లో ఉన్న నిలువు ఇంజన్లలో చాలా వాటికి మూలం ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణంలో లిస్టర్ కంపెనీ తయారు చేసిన ఇంజను. 1930 ప్రాంతంలో వచ్చిన ఆ నమూనాను చూసి తరువాత గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఎందరో తయారీదారులు అదే పోలికతో ఇంజన్లు పోశారు. అసలు ఇంగ్లండు ఇంజను 1980ల చివరికి ఆగిపోయినా రాజ్‌కోట్ సంతతి దేశమంతా పాకింది. ఒకే సిలిండరు, రెండు వైపులా రెండు చక్రాలు, 6 గుర్రాల బలం, నిమిషానికి 650 చుట్లు – ఇదీ దాని జాతకం.

ఇది నాలుగు స్ట్రోకుల ఇంజను. రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి లోపల డీజిలు మండుతుంది. అంటే నిమిషానికి 325 సార్లు పిస్టనుకు తోపు దొరుకుతుంది. మిగతా సమయమంతా పిస్టను గాలి పీల్చడానికి, దాన్ని నొక్కడానికి, పొగ బయటికి తోలడానికి బలం కావాలి. అది ఇచ్చేది ఫ్లైవీలు. గానుగలో చెరకు గడలు గుత్తిగా పడి రోలర్లు బిగిసినప్పుడు ఇంజను ఆగిపోకుండా ఈడ్చేది కూడా అదే. అందుకే దాని బరువంతా అంచున పెడతారు.

బండి చక్రం కాదు

రైతుకు చక్రం కొత్త కాదు. బండి చక్రానికి కుండ, ఆకులు, పూటీలు, పైన ఇనుప పట్టా ఉంటాయి. కమ్మరి ఆ పట్టాను ఎర్రగా కాల్చి, పూటీల మీద దిగగొట్టి, నీళ్ళు పోస్తాడు. చల్లారుతూ అది బిగుసుకుని చక్రాన్ని అన్ని వైపుల నుంచి లోపలికి అదిమి పట్టుకుంటుంది. పూటీ చీలినా పట్టా ఊడే వరకు చక్రం చెదరదు.

ఫ్లైవీలుకు అటువంటి పట్టా లేదు. పైగా వ్యవహారం తలకిందులు. తిరుగుతున్నంతసేపూ అంచులోని ప్రతి ముక్కా బయటికి పోవాలని చూస్తుంది. దాన్ని ఆపేది పక్క ముక్క, ఆకు మాత్రమే. అంటే ఇనుము మీద పడేది ఈడ్పు. పోత ఇనుముకు చేతకానిది సరిగ్గా ఈడ్పే.

పోత ఇనుములో బొగ్గుపదార్థం నూటికి 2 నుంచి 4 పాళ్ళ వరకు ఉంటుంది. ఇంజను భాగాలకు వాడే బూడిద రంగు పోత ఇనుములో అది సన్నటి గ్రాఫైటు రేకులుగా విడిపోయి లోహమంతా పరుచుకుని ఉంటుంది. ప్రతి రేకూ పుట్టుకతో వచ్చిన చిన్న నెర్రె వంటిదే. నొక్కితే ఆ నెర్రెలు మూసుకుంటాయి కనుక పోత ఇనుము ఎంత బరువునైనా మోస్తుంది. లాగితే తెరుచుకుంటాయి. అందుకే దానికి నొక్కుడు తట్టుకునే శక్తిలో ఈడ్పు తట్టుకునే శక్తి మూడో నాలుగో వంతే. ఉక్కు కడ్డీ విరిగేముందు వంగుతుంది, సాగుతుంది, చూసేవాడికి చెబుతుంది. పోత ఇనుము చెప్పదు. నిన్నటి దాకా ఉన్నట్టే ఉండి, ఈ రోజు రెండవుతుంది.

అయితే లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రెండడుగుల చక్రం నిమిషానికి 650 చుట్లు తిరిగితే అంచు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో పోతుంది. గంటకు 73 కిలోమీటర్లు అన్నమాట. రోడ్డు మీద బస్సు వేగం. ఆ వేగానికి అంచులో పుట్టే ఈడ్పు చదరపు సెంటీమీటరుకు దాదాపు 30 కిలోలు. మామూలు రకం పోత ఇనుము 1,500 నుంచి 2,000 కిలోల వరకు తట్టుకుంటుంది. అంటే లోపం లేని చక్రానికి యాభై రెట్లకు తక్కువ కాని నిలవ బలం ఉన్నట్టు. ఆకులు అంచుతో కలిసే చోట, కీ గాడి మూలల్లో ఈడ్పు ఇంతకు కొన్ని రెట్లు పెరుగుతుంది. అది తీసేసినా మిగిలేది తక్కువేమీ కాదు.

ఇంకో విచిత్రం ఉంది. అంచు మందం పెంచితే చక్రానికి బలం వస్తుందనుకుంటాం. రాదు. మందంతోపాటు బరువూ పెరుగుతుంది, బయటికి లాగే శక్తీ అంతే పెరుగుతుంది. ఈడ్పును నిర్ణయించేది అంచు వేగం ఒక్కటే. వేగం రెట్టింపయితే ఈడ్పు నాలుగింతలు, మూడింతలయితే తొమ్మిదింతలు.

బద్దలు కొట్టి చూశారు

ఫ్లైవీలు భయం మన పాకల్లో పుట్టింది కాదు. స్టీం ఇంజన్ల కాలంలో ఇది పెద్ద దేశాలను కూడా వణికించింది. 1891లో అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం మాంచెస్టరు పట్టణంలోని ఆమోస్కెగ్ బట్టల మిల్లులో 30 అడుగుల ఫ్లైవీలు తిరుగుతూ తిరుగుతూ బద్దలయింది. అంత పెద్ద చక్రాన్ని ఒకే పోతగా పోయలేరు కనుక ముక్కలుగా పోసి బోల్టులతో బిగించేవారు.

ఆ దశాబ్దం చివర అదే దేశంలో క్లీవ్‌లాండు నగరంలోని కేస్ స్కూలులో చార్లెస్ బెంజమిన్ అనే ఆచార్యుడు ఒక పని చేశాడు. చిన్న చిన్న పోత ఇనుప చక్రాలు పోయించి, అవి బద్దలయ్యే దాకా తిప్పి చూశాడు. అంచు అంతా ఒకే పోతగా ఉన్నవి సెకనుకు 400 అడుగుల వేగం దాపులకు వెళ్ళి గాని పగలలేదు. అది మన ఇంజను చక్రం వేగానికి ఆరు రెట్లు. ఆకుకూ ఆకుకూ నడుమ అంచును బోల్టులతో అతికినవి ఇంచుమించు అందులో సగం వేగానికే చెదిరిపోయాయి. ఇనుము అదే, మనిషి అదే, యంత్రం అదే. తేడా అతుకులో ఉంది.

పోత చక్రం అంచు నిమిషానికి ఒక మైలు మించి పోగూడదని ఆ రోజుల ఇంజనీర్లకు ఒక మోటు లెక్క ఉండేది. రెండడుగుల చక్రానికి అది నిమిషానికి సుమారు 840 చుట్లకు సరిపోతుంది. 650 చుట్ల ఇంజనుకు ఆ లెక్కలో ఇంకా చోటు ఉంది. అదే ఇంజను గవర్నరు బిగించి 1,000 చుట్లకు తోలేవాడికి లేదు. ఎక్కువ వేగంతో తిరిగే ఇంజన్లకు ఆకులు లేని నిండు చక్రాలు పెట్టడం ఊరికే కాదు.

కీ దగ్గరే కీడు

మరి ఇంత నిలవ బలం ఉన్న చక్రం మన పాకలో ఎందుకు నెర్రెలిస్తుంది? మేస్త్రి చెప్పిన దాని ప్రకారం నూటికి తొంభై పాళ్ళు సుత్తి దెబ్బ వల్లనే.

చక్రాన్ని షాఫ్టుకు పట్టి ఉంచేది తల ఉన్న కీ. దానికి నూరుకు ఒకటి వాలు ఉంటుంది. అంటే ఒక సెంటీమీటరు లోపలికి దిగితే కుండను మిల్లీమీటరులో పదో వంతు వెడల్పు చేస్తుంది. వినడానికి ఎంతో కాదు. కాని ఎండుకట్టె నెర్రెలో ఇనుప చీల దిగగొట్టినట్టే ఇదీను. చక్రం కాస్త వదులయి ‘టక్ టక్’ మంటే, పాకలో ఎవరో ఒకరు సమ్మెట తీసుకుని కీని మరో నాలుగు దెబ్బలు కొడతారు. శబ్దం ఆగుతుంది. పని అయిపోయిందనుకుంటారు. కుండలో గాడి మూల దగ్గర నెర్రె పుట్టేది ఆ క్షణంలోనే. అసలు చేయవలసింది కీ తీసి, అరిగిపోయి ఉంటే గాడికి సరిపడే కొత్త కీ చేయించి, ఆకురాయితో సరిచూసి, పక్కలు నిండుగా ఆనేట్టు వేయడం. పూటంతా పట్టే పని కనుక ఎవరూ చేయరు.

వదులు కీతో నడపడం కూడా తక్కువ ప్రమాదం కాదు. నిమిషానికి 325 తోపులు అంటే కుండ మీద నిమిషానికి 325 సుత్తి దెబ్బలు. ఒక రాత్రి గానుగ ఆడితే ఎన్ని దెబ్బలో రైతే లెక్క వేసుకోవచ్చు.

చక్రం ఊడదీసేటప్పుడు అంచు మీద సమ్మెటతో బాదడం, లారీ మీద నుంచి కింద పాత టైరు కూడా వేయకుండా దొర్లించడం, పుల్లీ బిగించడానికి ఆకులకు రంధ్రాలు పొడవడం – ఇవన్నీ ఆ యాభై రెట్ల నిలవలోంచి తీసుకున్న అప్పులే. ఇక ఫౌండ్రీలోనే పుట్టే లోపాలు వేరు. పోత పోసిన తరువాత సన్నటి భాగం ముందు చల్లారుతుంది, మందపు భాగం ఆలస్యంగా చల్లారుతుంది. అవి ఒకదాన్నొకటి లాక్కునే లాగుడు లోహంలోనే నిలిచిపోతుంది. ఇసుకలోనే నిదానంగా చల్లారనివ్వాలి. తొందరపడి వేడిగా ఉండగానే బయటికి లాగిన పోతలు, లోపల గాలి బుడగలు దాచుకున్న పోతలు పైకి రంగు వేస్తే ఒకేలా కనిపిస్తాయి.

వెల్డింగు సంగతి. పోత ఇనుమును అతకలేరని కాదు. సిలిండరు బ్లాకులు, పంపు బాడీలు చక్కగా అతికే పనివాళ్ళు ఉన్నారు. కాని అవి కదలకుండా కూర్చునే వస్తువులు. మామూలు ఉక్కు రాడ్డుతో పోత ఇనుమును వెల్డింగు చేస్తే అతుకు పక్కన ఇనుము గాజులా గట్టిపడి పెళుసెక్కుతుంది. ఒకచోట వేడెక్కి, చుట్టూ చల్లగా ఉన్నందువల్ల చల్లారేటప్పుడు కొత్త నెర్రెలు పుడతాయి. అవి కంటికి కనిపించవు. తిరిగే చక్రానికి అతుకు వేయడమంటే, నెర్రె ఎక్కడుందో తెలిసిన చక్రాన్ని ఎక్కడుందో తెలియని చక్రంగా మార్చడమే.

తాడు కట్టిన గవర్నరు

నెర్రె ఉన్న చక్రం మామూలు వేగంతో కొన్నాళ్ళు తిరగవచ్చు. ఆరేళ్ళు కూడా తిరగవచ్చు. దాని పరీక్ష వచ్చేది ఇంజను పట్టు తప్పిన రోజున.

గానుగ ఆడుతుండగా బెల్టు ఊడిపోవడం పాకల్లో నిత్యం జరిగేదే. ఆ క్షణాన ఇంజను మీద బరువు ఒక్కసారిగా పోతుంది. వేగం పెరగబోతుంటే గవర్నరు డీజిలు తగ్గించి పట్టుకోవాలి. అది సరిగా ఉంటే రైతుకు ఏమీ తెలియనే తెలియదు. కాని చాలాచోట్ల గవర్నరు స్ప్రింగు తీసేసి గట్టిది వేశారు. కొన్నిచోట్ల లింకుకు తాడు, రబ్బరు ట్యూబు ముక్క కట్టారు. మరికొన్నిచోట్ల తొమ్మిది నెలలు మూల పడి ఉన్న ఇంజనులో ఇంధనం పంపు కడ్డీ జిగురు పట్టి బిగిసి ఉంటుంది. అటువంటి ఇంజనుకు బెల్టు ఊడితే నిమిషానికి 650 చుట్లు 1,300 కావడానికి ఎంతోసేపు పట్టదు. చక్రం మీద ఈడ్పు నాలుగింతలవుతుంది. నూనె గిన్నెలో ఆయిలు ఎక్కువ పోసినా, అరిగిన రింగుల సందుల్లోంచి ఆ ఆయిలే పైకెక్కి మండి, డీజిలు కట్టేసినా ఇంజను ఆగని సందర్భాలున్నాయి.

మామూలు వేగంతో తిరిగే చక్రం నుంచి ఊడిన ముక్క నిటారుగా లేస్తే సుమారు 20 మీటర్లు – నిండు తాటిచెట్టు ఎత్తు – పోగలదు. ఏటవాలుగా లేస్తే 40 మీటర్ల అవతల పడగలదు. వేగం రెట్టింపయితే, గాలి అడ్డు లెక్క వదిలేస్తే, అది 160 మీటర్లు దాటుతుంది. తాటాకుల పాక దాన్ని ఆపదు. రేకుల షెడ్డూ ఆపదు.

ముక్కలు ఎగిరేది చక్రం తిరిగే గీతలోనే. గానుగకు బెల్టు పోయేదీ ఆ గీత వెంటే. గానుగలో చెరకు పెట్టే మనిషి కూర్చునేది దాదాపు అక్కడే. పిప్పి ఎత్తే ఆడవాళ్ళు రోజుకు వందసార్లు దాటేదీ ఆ గీతనే. ఈ విలేఖరి చూసిన పాకలో ఇంజను చక్రానికి ఎదురుగా, రెండు గజాల దూరంలో, చీర ఉయ్యాలలో ఒక పసిబిడ్డ నిద్రపోతూ ఉంది. మేస్త్రి ఇంజను సంగతి మొదలెట్టక ముందు ఆ ఉయ్యాల విప్పించి పక్క గుంజలకు కట్టించాడు.

ఇంజను పట్టు తప్పితే ఏం చేయాలి? ముందుగా చక్రాలకు ఎదురుగా ఎవరూ ఉండకూడదు. షాఫ్టు పొడుగు వైపు నుంచి, అంటే చక్రం పక్కను చూపించే దిక్కు నుంచి దగ్గరికి వెళ్ళి డీజిలు మీట లాగాలి. అయినా ఆగకపోతే గాలి పీల్చే గొట్టానికి చెక్క పలక అడ్డం పెట్టి అదమాలి. తువ్వాలు పెడితే అదే లోపలికి పోతుంది. పొగ వాల్వు ఎత్తే మీట ఉన్న ఇంజనుకు అది ఎత్తి పట్టుకోవచ్చు. బెల్టు ఇంకా చక్రం మీదే ఉంటే దాన్ని తప్పించకూడదు. ఇంజనును కాస్తయినా పట్టి ఉంచేది అదే.

చక్రం పగలడం అరుదు. నిజానికి ఆయిలింజన్ల దగ్గర మనుషులు దెబ్బ తినేది ఎక్కువగా బట్టలు చిక్కుకుని. కుండ బయటికి పొడుచుకు వచ్చిన కీ తల తిరిగేటప్పుడు కంటికి కనిపించదు. కండువా కొస, పంచె చెరగు, చీర కొంగు దానికి తగిలితే మనిషిని లాక్కుపోతుంది. ఇంజనుకు కలిసిన ప్రతి ఫ్లైవీలు చుట్టూ గట్టి కంచె ఉండి తీరాలని 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షనులోనే పెట్టారు. కాని నలుగురైదుగురు పనిచేసే గానుగ పాక ఫ్యాక్టరీ లెక్కలోకి రాలేదు. నాలుగు ఇనుప కోణాలు, కాస్త వెల్డుమెష్ ఉంటే అయ్యే కంచెకు చట్టం రావాలా అన్నది వేరే మాట. పాకల్లో అది ఉన్నచోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

కొట్టి చూడాలి

మునగపాక పాకలో చక్రం దింపడానికి గంటన్నర పట్టింది. కీకి కిరసనాయిలు పట్టించి, నాననిచ్చి, తల వెనక చీల పెట్టి మెల్లగా లాగారు. దొరకని చోట డీజిలు పట్టించినా పని జరుగుతుందట. మేస్త్రి చక్రాన్ని దూలానికి తాడుతో వేలాడదీయించి, చిన్న సుత్తితో అంచు మీద ఒక్కటి కొట్టాడు. ‘బొద్’ మంది. తరువాత రెండో వైపు చక్రాన్ని కూడా దింపించి అలాగే కొట్టాడు. గుడి గంటలా ‘ఖంగు’మని, చప్పుడు కాసేపు నిలిచింది.

“సెవి చెప్పేస్తాది బాబూ. కాని సెవి ఒక్కదాన్నీ నమ్మకూడదు” అంటూ కుండ శుభ్రంగా తుడిచి కిరసనాయిలు రాశాడు. పావుగంట ఆగి, పొడిగుడ్డతో తుడిచేసి, సుద్దపొడి చల్లాడు. కాసేపటికి తెల్లటి పొడి మీద తడి గీత ఒకటి తేలింది. నెర్రెలో దాగిన నూనె పైకి వచ్చిందన్నమాట. కీ గాడి మూలలో మొదలై కుండ అంచు దాకా, అక్కడి నుంచి ఆకు మొదటి వరకు పోయింది. పైకి కనిపించిన వెంట్రుక గీత కంటే ఇది మూడు రెట్లు పొడుగు.

పరీక్షకు ఖర్చు సుద్దముక్క. సీజను మొదట్లో ప్రతి రైతూ చేసుకోదగినది. అయితే చక్రం దింపకుండా కుండ లోపలి నెర్రె కనిపించదు. చాలామంది ఆగిపోయేది అక్కడే.

రైతు కాసేపు మాట్లాడలేదు. మూడు బళ్ళ చెరకు వంక చూశాడు. చివరికి పక్క రైతు మోటారు గానుగకు ఆ చెరకు తోలించడానికి ఒప్పందమయింది. రాజ్‌కోట్ నుంచి కొత్త చక్రం తెప్పిస్తే రోజులు పడతాయి. చోడవరంలో అదే రకం ఇంజను ఒకటి విప్పి అమ్ముతున్నారని మేస్త్రికి తెలుసు. మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. తాడు, సుత్తి, సుద్దపొడి పొట్లం వెంట తీసుకెళ్ళారు. అక్కడున్న మూడు చక్రాల్లో ఒకటి మోగలేదు. రెండోది మోగింది గాని షాఫ్టు రంధ్రం తేడా. మూడోది కుదిరింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ఇంజన్ల చక్రాల్లో ఒక పక్క అంచు కావాలనే బరువుగా పోస్తారు. పిస్టను, క్రాంకు ఊపుకు అది ఎదురు బరువు. కంటికి ఒకేలా ఉన్నాయని ఎదురు బరువు లేని చక్రాన్ని, లేదా గాడి వేరే చోట ఉన్న చక్రాన్ని వేస్తే ఇంజను పునాది మీద గెంతుతుంది. బోల్టులు వదులవుతాయి, షాఫ్టు అలిసిపోతుంది, మళ్ళీ కీ కొడతారు. కథ మొదటికి వస్తుంది. రెండో వైపు చక్రంతో జత కుదిరిందో లేదో చూసుకునే కొనాలి.

నాలుగో రోజు సాయంత్రానికి ఇంజను మళ్ళీ తిరిగింది. గవర్నరు లింకుకున్న ట్యూబు ముక్క కోసేశారు. వేగం చూసే మీటరు పెట్టి చుట్లు లెక్కించి 650 దగ్గర నిలబెట్టారు. ఇదివరకటి కంటే గానుగ కొంచెం నెమ్మదిగా ఆడుతోందని కూలీలు అన్నారు. బహుశా ఇన్నాళ్ళూ అది ఎంత వేగంతో తిరిగిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

పాత చక్రం పాక గోడకు ఆనించి ఉంది. పాత సామాన్ల వ్యాపారి వచ్చి, ఇనుము బరువు కంటే ఎక్కువే ఇస్తానన్నాడు. ఎందుకు ఎక్కువ ఇస్తాడో మేస్త్రికి తెలుసు. రైతుకూ తెలుసు. రంగు వేసి మరో పాకకు అమ్ముతాడు.

మేస్త్రి చక్రాన్ని రెండు రాళ్ళ మీద పడుకోబెట్టించి, అందరినీ దూరంగా పొమ్మని, సమ్మెట ఎత్తాడు. మూడో దెబ్బకు అంచు తెగింది. ఐదో దెబ్బకు బ్రేజింగు చేసిన ఆకు దగ్గర విరిగింది. రైతు వంగి ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. కొత్తగా విరిగిన చోట ఇనుము బూడిద రంగులో మెరుస్తోంది. పైన గోరు మందం మేర ఇత్తడి ఉంది. దాని కింద, ఆకు లోతులో సగానికి పైగా, ఏనాటిదో నెర్రె – పాత నూనె పట్టి నల్లగా ఉంది. ఇత్తడి అక్కడి దాకా దిగనే లేదు.

“ఆరు సీజన్లు ఇదేనా తిరిగింది?” అన్నాడు రైతు.

మేస్త్రి మిగతా ఆకులు కొట్టే పనిలో ఉన్నాడు. వ్యాపారి ముక్కలను ఇనుము ధరకే తూకం వేసుకుని పోయాడు.